మీటకూ అక్షరానికీ నడుమ

సురవరం ప్రతాపరెడ్డి స్మారక ఉపన్యాసం, మహబూబ్‌నగర్

వెనక వరుసల్లో కంప్యూటర్ విద్యార్థులు ఫోన్లు చూసుకుంటున్నారు. ఫోన్లు లోపల పెట్టమని అడగను. కాసేపట్లో వాటితో పని ఉంది.

సురవరం వారి పేర జరిగే సభలో కీబోర్డు గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. వారి సందేహం సహజమే. ఇటిక్యాలపాడు ఊరివాడు, 1896లో పుట్టి 1953లో వెళ్లిపోయిన మనిషికి కంప్యూటర్‌ను చూసే అవకాశమే లేదు. కానీ ఆయన రాసినవాడు మాత్రమే కాదు, రాసినది పదిమందికి చేరే దారి వేసినవాడు కూడా. నిజాం రాజ్యంలో కచేరీ పనీ పై చదువూ ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో, 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1922లో, నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు నీలగిరి పత్రిక తెచ్చారు. పత్రిక పెట్టడమంటే సంపాదకీయం రాయడం ఒక్కటే కాదు గదా. అచ్చుయంత్రం కావాలి, సీసపు అక్షరాలు కావాలి, వాటిని ఏరి కూర్చే కంపోజిటరు కావాలి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడితే, అందులో 354 మంది కవులు కనిపించారు. వాళ్ల చేతిరాతకూ పాఠకుడి కంటికీ నడుమ ఆ కంపోజిటరు వేళ్లున్నాయి. గూట్లో లేని అక్షరాన్ని ఎంత గొప్ప కవి అయినా అచ్చులో చూసుకోలేడు.

ఇప్పుడు ఆ కంపోజిటరు స్థానంలో ఒక ప్రోగ్రాము ఉంది. మనం మీట నొక్కుతాం, తెర మీద అక్షరం వస్తుంది, నడుమ ఏం జరిగిందో మనకు పట్టదు. ఆ నడుమ జరిగే నిర్ణయం రాసేవాడి చేతిలో ఉండాలి, మీటల లెక్క చూసుకునే ప్రోగ్రాము చేతిలో కాదు. ఈ సాయంత్రం నా వాదన అంతా ఇదే. దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు, ఈ జిల్లా పేరు చాలు. అక్కడికి మెల్లగా వస్తాను.

1. మీటకు అక్షరం తెలియదు

కీబోర్డు మీద 'కె' అని చెక్కిన మీటను నొక్కితే కంప్యూటర్‌కు 'కె' అని కబురు పోదు. ఫలానా చోటనున్న మీట కిందికి దిగింది అని ఒక సంఖ్య పోతుంది. వేలు తీస్తే పైకి లేచింది అని మరో కబురు. వేలు తీయకుండా ఉంటే, దిగింది, దిగింది, దిగింది అని అదే కబురు మళ్లీ మళ్లీ. అంతకు మించి కీబోర్డుకు ఏమీ తెలియదు. ఆ చోటికి ఏ అక్షరం అన్నది లోపల ఉన్న లేఅవుట్ చెబుతుంది. ఇంగ్లీషు లేఅవుట్ ఉంటే కె, ఇన్‌స్క్రిప్ట్ ఉంటే 'క'. ఇక్కడ ఉచ్చారణ కలిసింది గదా అని సంబరపడకండి. అదే వరుసలో ఉన్న 'హెచ్' మీట నొక్కితే ఇన్‌స్క్రిప్ట్‌లో 'ప' వస్తుంది. అచ్చుల గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి అని పంచి వేసిన పటం అది. 1980లలో మన దేశంలోనే తయారైంది, భారతీయ లిపులన్నింటికీ ఒకటే పటం.

యూరపు భాషల్లో అక్షరాల నెత్తిన గీతలూ టోపీలూ చుక్కలూ ఉంటాయి. ప్రతి కలయికకూ ఒక మీట పెట్టాలంటే కీబోర్డు బల్ల పట్టదు. అందుకని టైపు మిషన్ వాళ్లు ఒక ఉపాయం చేశారు. టోపీ మీట నొక్కితే కాగితం మీద టోపీ పడుతుంది కానీ బండి కదలదు. తర్వాత 'ఇ' కొడితే అదే చోట టోపీ కింద కూర్చుంటుంది. బండి కదలదు కాబట్టి దాన్ని డెడ్ కీ అన్నారు. కంప్యూటర్ వచ్చాక బండి పోయింది గానీ ఉపాయం మిగిలింది. టోపీ మీట నొక్కినప్పుడు తెర మీద ఏమీ రాకపోవచ్చు. వ్యవస్థ దాన్ని మనసులో పెట్టుకుని, తర్వాతి మీటతో కలిపి ఒక అక్షరం ఇస్తుంది. అంటే రెండు మీటలు, ఒక అక్షరం. ఒక మీటకు ఒక అక్షరం అనే లెక్క తెలుగు దాకా రాకముందే, ఫ్రెంచి దగ్గరే తప్పింది.

2. పోలండులో మాయమైన అక్షరం

ఇది 2015 నాటి సంగతి. మీడియం అనే రచనల వెబ్‌సైటులో పోలిష్ రచయితలకు ఒకే ఒక అక్షరం పడటం మానేసింది. ఎస్ నెత్తిన గీత ఉండే అక్షరం. మిగతావన్నీ బాగానే పడుతున్నాయి. అక్కడ పనిచేసే మార్చిన్ విఖారీ, తానూ పోలండు వాడే, కూపీ లాగాడు.

పోలిష్ కీబోర్డులో ఆ అక్షరానికి కుడివైపు ఆల్ట్ పట్టుకుని ఎస్ నొక్కాలి. విండోస్ ఆ కుడి ఆల్ట్‌ను కంట్రోల్, ఆల్ట్ కలిసి నొక్కినట్టు చూస్తుంది. వెబ్‌సైటు రాసినది దానంతట అదే దాచుకునేది కనుక, అలవాటుకొద్దీ ఎవరైనా కంట్రోల్ ఎస్ కొడితే పేజీని దాచాలా అని బ్రౌజరు అడగకుండా ఆ మీటలను మింగేయమని ప్రోగ్రాములో రాశారు. ప్రోగ్రాము కంట్రోల్‌ను చూసింది, ఎస్‌ను చూసింది, మింగేసింది. దానితో పాటు ఒక భాషలోని అక్షరం కూడా పోయింది.

ఎవరూ చెడు తలపెట్టలేదు, చూడండి. ఏ అక్షరం పుట్టిందో చూడకుండా ఏ మీటలు దిగాయో చూశారు. ఏ ఊరికని అడగకుండా, కూర్చున్న సీటును బట్టి కండక్టరు టికెట్ కొట్టినట్టు. ఎక్కువమందికి సరిపోతుంది. సరిపోనివాడు పోలండులోనో పాలమూరులోనో ఉంటాడు.

3. డీటీపీ రోజులు, ఫోను రోజులు

ఇక మన దగ్గరికి. నల్లగొండలో గానీ ఇక్కడ గానీ పెండ్లి పత్రిక కొట్టించడానికి డీటీపీ సెంటరుకు వెళ్లినవాళ్లకు అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఆపిల్ కీబోర్డు అన్న మాటలు కొత్త కాదు. ఆ ఆపరేటర్ల వేగం చూసి ముచ్చటపడాలి. తెర వైపే చూడరు. కీబోర్డులో దొరకని ఒత్తు వస్తే ఆల్ట్ పట్టుకుని అంకెలు కొడతారు, ఆ కోడ్‌లన్నీ కంఠతా.

ఆ ఫాంట్ల లోపలి సంగతి విద్యార్థులకు చెప్పాలి. కంప్యూటర్ అక్షర పట్టికలో అప్పట్లో ఉన్నవి 256 గళ్లు. అందులో పై సగం గళ్లలో ఫ్రెంచి, జర్మను, స్పానిష్ వాళ్ల గీతల అక్షరాలు, టోపీల అక్షరాలు ఉండేవి. మనవాళ్లు ఆ గళ్లలో తెలుగు ముక్కలు పెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో 'కి', ఒక గడిలో ఒత్తు. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు, ఫాంటు తొడిగిన ఫ్రెంచి. అందుకే ఒకప్పుడు ఫాంటు లేని చోట తెలుగు పత్రిక వెబ్‌పేజీ తెరిస్తే, పేజీ నిండా గీతలూ టోపీలూ పెట్టుకున్న పరాయి అక్షరాలు కనిపించేవి. ప్రతి పత్రికదీ తన సొంత ఫాంటు, తన సొంత గళ్లు. ఆ పత్రికల రాతను యూనికోడ్ అనే ఉమ్మడి అక్షర పట్టికలోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున గారు పద్మ అనే ఉపకరణం చేయాల్సివచ్చింది.

కీబోర్డు ప్రోగ్రాము పని కూడా విచిత్రంగా ఉండేది. మీరు 'క' కొట్టారు, తెర మీద పడింది. తర్వాత గుడి మీట కొట్టారు. ఫాంటులో 'కి' వేరే ముక్క. అందుకని ప్రోగ్రాము మీ బదులు తానే బ్యాక్‌స్పేస్ కొట్టి, 'క'ను చెరిపి, 'కి' వేస్తుంది. కనురెప్ప పాటులో జరిగే పని కాబట్టి మనకు తెలియదు. బ్యాక్‌స్పేస్‌ను వేరేగా అర్థం చేసుకునే చోట మాత్రం ఒకటి చెరపమంటే రెండు చెరిగి, తెలుగు చెల్లాచెదురయ్యేది.

అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే దారి, ఈ చిక్కును ఇంకోవైపు నుంచి చూసింది. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చాక ఆ దారి జనం నోట పడింది. పై పెట్టెలో ఇంగ్లీషు, కింది పెట్టెలో తెలుగు. అది మీటల వెంట పరుగెత్తదు. పై పెట్టెలో ఉన్నదాన్ని చదివి, కింద తెలుగు చేస్తుంది. మధ్యలో దిద్దినా, ఎక్కడినుంచో తెచ్చి అతికించినా దానికి పట్టింపు లేదు. నిరాడంబరంగా కనిపించే ఆ రెండు పెట్టెల్లో నాకు తెలిసిన మంచి ఇంజనీరింగ్ ఉంది.

ఫోను వచ్చాక మీటే పోయింది. గాజు మీద బొమ్మ మిగిలింది. ఆండ్రాయిడ్ ఫోనులో మీరు ఏది నొక్కినా, ఏ మీట దిగిందని వెబ్‌పేజీ అడిగితే చాలాసార్లు ఒకటే జవాబు వస్తుంది: 229. ఆ సంఖ్యకు అర్థం, ఈ మీట సంగతి నడుమనున్న మరో ప్రోగ్రాము చూసుకుంటోంది అని. పాత విండోస్ రోజుల నుంచి వస్తున్న సంఖ్య. నాకు సురవరం వారు గుర్తుకొస్తారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాస్తూ పాత కావ్యాల్లోని ఆటల పేర్లకు అర్థం కోసం నిఘంటువులు తిరగేస్తే, క్రీడావిశేషమని రాసి దాటేసినవే ఎదురయ్యాయని ఆయన విసుక్కున్నారు. 229 కూడా అలాంటి జవాబే. ఏదో ఒక మీట! ఆయన నిఘంటువును నమ్ముకుని ఆగిపోలేదు. ప్రోగ్రాము రాసేవాడు కూడా మీటను అడగడం మానుకుని, పెట్టెలోకి చివరికి ఏ అక్షరం వచ్చిందో చూడాలి. దానికి వేరే కబుర్లు ఉన్నాయి. కూర్పు మొదలైంది, మారింది, ముగిసింది అని బ్రౌజరు చెబుతుంది. చైనా, జపాను వాళ్ల కోసం పుట్టిన ఏర్పాటది, మనకూ సరిగ్గా సరిపోతుంది.

4. పొల్లుకు మూడు గతులు

ఇప్పుడు ఫోన్లు తీయండి. నాగర్‌కర్నూల్ అని రాయండి.

ఆ పేరులో పొల్లు మూడుసార్లు వస్తుంది. మొదటి 'ర్' దగ్గర పొల్లు పొల్లుగానే నిలబడాలి, పక్కనున్న 'క'ను ఒత్తుగా లాక్కోకూడదు. రెండో 'ర్' మాత్రం తర్వాతి అక్షరాన్ని ఒత్తు చేసుకోవాలి. చివరి 'ల్' పక్కన ఎవరూ లేరు కాబట్టి దానికి బాధ లేదు. నొక్కిన మీట ఒక్కటే, గతులు మూడు. మొదటిదానికీ రెండోదానికీ తేడా చెప్పేది ఏది? కంటికి కనిపించని ఒక గుర్తు. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. వెడల్పు లేదు, రూపం లేదు, శబ్దం లేదు. ఇక్కడ కలపకు అని చెప్పడమే దాని ఉద్యోగం.

మన నేల మీద ఈ గుర్తుకు ఉన్న గిరాకీ కోస్తాలో ఉండదు. షాద్‌నగర్ చూడండి, హుజూర్‌నగర్ చూడండి. ఆసఫ్‌జాహీల కాలంలో పెట్టిన పేర్లు, హల్లుతో ఆగి హల్లుతో మొదలయ్యే సమాసాలు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేర 1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయినప్పుడు, ఈ ఊరి పేరు నడుమ ఆ కనిపించని గుర్తు అవసరం కూడా పుట్టిందన్నమాట, వందేళ్లు ముందుగా.

మహబూబ్‌నగర్ అన్న పేరులో కంటికి ఏడు అక్షరాలు. కంప్యూటర్‌కు పదకొండు: మ, హ, బ, దీర్ఘపు కొమ్ము, బ, పొల్లు, కనిపించని గుర్తు, న, గ, ర, పొల్లు. ఇన్‌స్క్రిప్ట్‌లో సి, యు, వై, టి, వై, డి దాకా వేళ్లు సాఫీగా పోతాయి, అక్కడ ఆగుతాయి. లేఖినిలో అయితే టోపీ గుర్తు కొడితే చాలు. ఫోనులో ఊహించి చెప్పే కీబోర్డు అయితే జిల్లా పేరును జాబితాలోంచి తీసి మొత్తంగా ఇస్తుంది. జాబితాలో లేని తండా పేరో మనిషి పేరో అయితే? 'న' పోయి 'బ' కింద ఒత్తై కూర్చుంటుంది. రాసినవాడికి తప్పని తెలుసు, దిద్దే మీట ఎక్కడుందో తెలియదు. అలాగే వదిలేస్తాడు.

వదిలేస్తే ఏమైంది, అర్థమైంది గదా అనొచ్చు. గుర్తు ఉన్న మహబూబ్‌నగర్ వేరు, లేని మహబూబ్నగర్ వేరు. సంఖ్యలను పోల్చి వెతికే మామూలు ప్రోగ్రాముకు అవి రెండు ఊళ్లు. ఒకదానితో వెతికితే రెండోది దొరకదు.

ఒకసారి ఒక దరఖాస్తు ఫారంలో పేరు తెలుగులో రాయమన్నారు. రాస్తే, అక్షరాలు మాత్రమే రాయాలి అని ఎర్రగా వచ్చింది. అక్షరాలే గదా రాసింది! తర్వాత తెలిసిందేమంటే, యూనికోడ్ వర్గీకరణలో క, మ, న అక్షరాలు, గుడి, కొమ్ము, సున్న, పొల్లు మాత్రం అక్షరాలు కావు, గుర్తులు. అక్షరాలను మాత్రమే రానిస్తే 'క' లోపలికి వస్తుంది, 'కి' గేటు దగ్గర ఆగుతుంది. కనిపించని గుర్తు సరేసరి, అది ఈ రెండు కోవలకూ చెందదు. ఫారం ప్రోగ్రాము రాసినవాడు ఏ జాతి అక్షరమైనా రావచ్చని ఉదారంగానే అనుకున్నాడు పాపం. గుణింతం సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ గుర్తుకు ఒకసారి ప్రపంచ ప్రఖ్యాతి కూడా వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొడుతోందని పత్రికలు రాశాయి. జ, పొల్లు, ఞ, కనిపించని గుర్తు, దీర్ఘం, ఈ వరుసలో వస్తే దాన్ని గీయబోయి ప్రోగ్రాము కూలిపోయేది. సందేశంలో అది వచ్చినవాడి ఫోను మళ్లీ మళ్లీ పడిపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పుడు మన లిపి మీద బోలెడు జోకులు వచ్చాయి. లిపి తప్పేముంది? ఆ వరుస యూనికోడ్‌లో నిషిద్ధమేమీ కాదు. ఆ దారిన ఎవరైనా వస్తారని గీసే ప్రోగ్రాము ఊహించలేదు, అంతే. ఆ వరుసను ఇక్కడ తెర మీద చూపించడం లేదు, ముందు వరుసలో ఎవరిదో పాత ఐఫోను కనిపిస్తోంది.

5. నొక్కి పట్టుకుంటే

ఇది క్లుప్తంగా చెప్పి వెళ్తాను. జొన్నలో 'జ' వేరు, జీతంలో 'జ' వేరు. ఇక్కడున్న ఏ అవ్వనడిగినా పలికి చూపిస్తుంది. మొదటిదానికి నెత్తిన గుర్తు పెట్టి ౙ అని రాసే పద్ధతి బ్రౌన్ నిఘంటువు నాటిది. ౘ, ౙ రెండూ 2008లో యూనికోడ్‌లోకి వచ్చాయి. ఉర్దూ శబ్దాల కోసం అక్షరం కింద పెట్టే చుక్క, నుక్తా, తెలుగుకు 2021లో వచ్చింది. గజల్ అని రాసేటప్పుడు అందులోని ఉర్దూ ధ్వనులు కావాలనుకునేవాళ్లు నల్లగొండలోనూ ఇక్కడా ఉన్నారు. పట్టికలో చోటు దొరికినంత మాత్రాన వేలికి అందదు. మీ ఫోనులో 'చ'ను నొక్కి పట్టుకోండి, ఏమొస్తుందో చూడండి. (కొందరు తలలూపుతున్నారు, కొందరు పెదవి విరుస్తున్నారు.) మ్యాక్ కంప్యూటర్లలో 2011 నుంచి, మీటను పట్టుకుంటే ఆ అక్షరం నెత్తిన రాగల గుర్తులన్నీ పైన తేలుతాయి. అంతకుముందు పట్టుకుంటే అదే అక్షరం వరసగా పడేది. దిగింది, దిగింది అన్న పాత కబురుకే కొత్త అర్థం ఇచ్చారు. అరుదైన అక్షరాలకు ఇంతకన్నా మంచి ఇల్లు నాకు తోచదు.

6. పొల్లు రెండుసార్లు

ఇక నేను అడగదలచుకున్నది. 1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఇస్కీ పద్ధతిలో, పొల్లును పొల్లుగా నిలపాలంటే పొల్లును రెండుసార్లు కొట్టేవాళ్లు. ఒకసారి కొడితే కలుపు, రెండుసార్లు కొడితే ఆపు. అదే వేలు, అదే మీట, చూడకుండా కొట్టొచ్చు. యూనికోడ్ వచ్చాక ఆ పని కనిపించని గుర్తుకు పోయింది. పట్టిక వేసినవాళ్ల దృష్టిలో అది సబబే, ప్రపంచంలోని లిపులన్నింటికీ ఒకే గుర్తు. కానీ కీబోర్డులు చేసినవాళ్లు ఆ గుర్తును ఏ మూలనో పెట్టి, వేలికి ఉన్న పాత అలవాటును తీసేశారు. పట్టికలో మార్పు జరిగితే వేలు ఎందుకు మారాలి? లోపల 200సి పోనీ, నాకేం అభ్యంతరం లేదు. బయట మాత్రం పొల్లు రెండుసార్లు కొడితే అది రావాలి.

తెలుగులో పొల్లు పక్కన పొల్లు రాసే మాట ఒక్కటీ లేదు. అంటే ఆ వరుస ఖాళీగా పడి ఉంది, దాన్ని వాడుకుంటే ఎవరి అక్షరమూ చెడదు. పోలండు వాళ్లకు జరిగినట్టు జరగదు. విభక్తులకూ ఇదే పనికొస్తుంది. మహబూబ్‌నగర్‌కు అని రాసేటప్పుడు రెండో చోట కూడా ఆ గుర్తు కావాలి గదా. ఒక్క చిక్కుంది: మీటను పట్టుకుని ఉంటే వచ్చే దిగింది, దిగింది కబుర్లను రెండుసార్లు కొట్టినట్టు లెక్కేయకూడదు. మళ్లీ వస్తున్న కబురు అని దానికి గుర్తు ఉంటుంది, దాన్ని చూసి వదిలేయాలి. వృద్ధుల వేళ్లు మీట మీద నిలుస్తాయి, వాళ్ల పేర్లు చెడగొట్టకూడదు.

దీనికి ప్రమాణాల సంఘం అనుమతి అక్కర్లేదు. కీమ్యాన్ అనే ఉచిత ఉపకరణం ఉంది. లావో భాష కోసం 1993లో మొదలై, 2017 నుంచి మూలంతో సహా అందరికీ తెరిచిపెట్టారు. అందులో లేఅవుట్ అంటే మామూలు పాఠం ఫైలు. ముందు పొల్లు ఉండి ఇప్పుడు మళ్లీ పొల్లు మీట నొక్కితే, పొల్లూ దాని వెంట 200సి పంపు అని ఒక వరుస రాస్తే చాలు. వెనక వరుసలోని విద్యార్థుల్లో ఎవరైనా ఈ రాత్రి రాయొచ్చు. సురవరం వారి పేర ఒక ఫాంటు ఇప్పటికే ఉంది, 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల గీసినది, సిలికానాంధ్ర అందరికీ ఉచితంగా ఇచ్చింది. పరీక్షకు ఆ ఫాంటే పెట్టుకోండి. ముందు నాగర్‌కర్నూల్ కొట్టండి, తర్వాత మీ ఊరి పేరు.